థీమ్ పార్కు యాత్రకు వాకీటాకీలు: అవసరమా, చాదస్తమా?

రాజోలు_రామం

సభ్యులందరికీ నమస్కారం. డిసెంబరు మొదటి వారంలో మా కుటుంబం తొమ్మిది మందిమీ షార్లెట్ నుండి ఓర్లాండో వెళ్లి, వాల్ట్ డిస్నీ వరల్డ్‌లో నాలుగు రోజులు గడపాలని అనుకుంటున్నాము. నేను, నా భార్య, పదకొండేళ్ల అమ్మాయి, అయిదేళ్ల అబ్బాయి, రాజోలు నుండి ఆరు నెలల కోసం వచ్చిన మా అమ్మానాన్నలు, మా బావమరిది దంపతులు, వారి పదమూడేళ్ల కొడుకు. అమ్మానాన్నల ఫోన్లలో ఇండియా సిమ్ములే ఉన్నాయి కనుక ఇంట్లో వైఫై ఉన్నంతసేపు వాట్సాప్ పనిచేస్తుంది, గడప దాటితే అవి ఉత్త గడియారాలే. పైగా నాన్నగారు మోగుతున్న ఫోను ఎత్తబోయి ప్రతిసారీ కట్ చేస్తారు.

అందుకని నాలుగు వాకీటాకీలు 70 డాలర్లకు కొన్నాను. ఇరవై రెండు ఛానెళ్లు ఉన్నాయి, 35 మైళ్ల దూరం పలుకుతాయని డబ్బా మీద రాసి ఉంది. మేము తొమ్మిది మందిమి కనుక అమ్మకు గుర్తుండేలా తొమ్మిదవ ఛానెల్‌లో పెట్టాను. యాత్ర అయ్యాక వీటిని అమ్మానాన్నలతో ఇండియా పంపితే తిరుమలలో కూడా పనికివస్తాయి. మా బావమరిది మాత్రం "బావా, మనం పార్కుకు వెళుతున్నామా, బందోబస్తు డ్యూటీకా?" అని నవ్వుతున్నాడు. వీటిని వాడిన అనుభవం ఉన్నవారు ఉపయోగమో కాదో చెప్పగలరు.

డాలస్_దమయంతి

రామం గారూ, గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకండీ? ఒక నెలకు ప్రీపెయిడ్ సిమ్ములు రెండు తీసుకుని పెద్దవాళ్ల ఫోన్లలో వేయండి, ఎవరు ఎక్కడున్నారో ఫోనులోనే కనిపించేలా లొకేషన్ పెట్టుకోండి, ఒక పవర్ బ్యాంకు సంచిలో పడేయండి. డిస్నీ పార్కులలో వైఫై కూడా ఉచితమే. వాకీటాకీ అంటే మీ ఇంటి మాటలు క్యూ లైనులో ముందున్నవారూ వెనకున్నవారూ అందరూ వినడమే. తొమ్మిది మంది కలిసి వెళ్లేది కలిసి తిరగడానికి కదా? కలిసి తిరిగేవారికి రేడియోలు ఎందుకో నాకు అర్థం కాలేదు.

సర్క్యూట్_సూరి

ముందుగా ఆ 35 మైళ్ల సంగతి తేల్చుకోవాలి. అది ఒకరు కొండ కొన మీద, మరొకరు ఎదుటి కొండ కొన మీద, మధ్యలో చెట్టూ చేమా లేకుండా నిలబడినప్పటి లెక్క. ఈ రేడియోలు పనిచేసే 462, 467 మెగాహెర్ట్జ్ తరంగాలు దాదాపుగా చూపు ఆనినంత మేరకే సాగుతాయి. డిస్నీ వరల్డ్‌లోని మ్యాజిక్ కింగ్‌డమ్ పార్కు నడిబొడ్డున 189 అడుగుల కోట ఉంది. చూడడానికి రాతి కోటలా ఉంటుంది కానీ లోపల ఉక్కు చట్రమూ కాంక్రీటే. దానికి చుట్టూ షెడ్లు, వాటి మధ్య వేలమంది మనుషులు. మనిషి ఒంట్లో సగానికి పైగా నీరే కనుక జనసమ్మర్దం కూడా ఈ తరంగాలను తాగేస్తుంది. అటువంటి చోట అర మైలు వినపడితే సంతోషించాలి. ఇనుప గోడల వెనుక ఉండే రైడు క్యూలో అయితే రెండు వందల గజాలు కూడా అనుమానమే.

ఇక రెండవది. ఈ వాకీటాకీల సర్వీసును (ఎఫ్.ఆర్.ఎస్. అంటారు) అమెరికా కమ్యూనికేషన్ల నియంత్రణ సంస్థ ఎఫ్.సి.సి. 1996లో ఇటువంటి కుటుంబ అవసరాలకే ప్రారంభించింది, 2017లో నియమాలు సవరించి ఛానెళ్లను 22కు, గరిష్ఠ శక్తిని 2 వాట్లకు పెంచింది. లైసెన్సు అక్కరలేదు. అయితే 8 నుండి 14 వరకు ఉన్న ఏడు ఛానెళ్లకు మాత్రం అర వాటుకు మించి అనుమతి లేదు. మీరు ఎంచుకున్న తొమ్మిది సరిగ్గా అందులో ఉంది. ఏరికోరి బలహీనమైన ఛానెల్ పట్టుకున్నారు. దయచేసి 16కో 20కో మార్చండి.

మూడవది. ఇండియాకు పంపుతానన్నారు, ఆ పని చేయకండి. అక్కడ లైసెన్సు లేకుండా వాడుకోదగిన వాకీటాకీలకు 2018 నియమాలు ఇచ్చింది 446.0 నుండి 446.2 మెగాహెర్ట్జ్ వరకే. మీ సెట్లు ఆ పరిధిలో లేవు. 2025లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఆన్‌లైన్‌లో వాకీటాకీల అమ్మకాలపై ప్రత్యేకంగా మార్గదర్శకాలు తెచ్చిందంటే విషయం ఎంతవరకు వచ్చిందో గ్రహించండి.

ఉప్మా_విరోధి

మా ఇంట్లో నలుగురం. మా ఆవిడ ఒక్క కేక వేస్తే నాలుగు పార్కులకూ వినపడుతుంది.

రాజోలు_రామం

సూరి గారికి ధన్యవాదాలు. ఇండియా ఆలోచన మానుకున్నాను. తొమ్మిదిని మాత్రం మార్చలేను, అమ్మ ఇప్పటికే మూడు రోజులుగా "తొమ్మిది, తొమ్మిది" అని వల్లె వేస్తోంది. అర మైలు చాలదా?

సర్క్యూట్_సూరి

అర మైలు అన్నది 2 వాట్లకు. అర వాటుకు కాదు. నేను రాసినది మరొకసారి చదవగలరు.

పెన్నా_తీరం

దమయంతి గారు ఫోన్లు ఉండగా ఇవెందుకని తీసిపారేశారు కనుక, నా అనుభవం రాయక తప్పడం లేదు.

రెండేళ్ల క్రితం ఎండాకాలంలో ఓర్లాండోలోని ఒక పార్కుకు వెళ్లాము. మా నాన్నగారికి అప్పుడు 68 ఏళ్లు, నెల్లూరు నుండి వచ్చి మూడు వారాలైంది. మేము అయిదుగురం ఒక పెద్ద రైడుకు వెళుతూ, పాప్‌కార్న్ బండి పక్కనున్న బెంచీ చూపించి, "నాన్నా, ఈ బండి గుర్తు, నలభై నిమిషాల్లో వస్తాం, ఇక్కడి నుండి కదలొద్దు" అని చెప్పి సంచులు ఇచ్చి వెళ్లాము. ఫ్లోరిడాలో ఎండాకాలం మధ్యాహ్నాలు ఎలా ఉంటాయో అక్కడికి వెళ్లినవారికి తెలుసు. మూడింటికి ఉరుములు మొదలయ్యాయి, మేము ఎక్కబోయే రైడు ఆగిపోయింది, క్యూలో ముందుకూ పోలేక వెనక్కూ రాలేక గంటకు పైగా ఇరుక్కుపోయాము. బయటికి వచ్చి చూస్తే నాన్న లేరు. బెంచీ ఉంది, బండి లేదు. దానికి చక్రాలు ఉన్నాయనీ, వాన వస్తే తోసుకుపోతారనీ మాకు తట్టనే లేదు. వాన రాగానే నాన్న తడవకుండా ఏదో చూరు కిందికి వెళ్లారు, తగ్గాక తిరిగి వచ్చి బండి కోసం వెతికారు, మరో చోట నిలిపి ఉన్న అదే రకం బండి దగ్గర నిలబడ్డారు. ఆయనకు ఇంగ్లీషు చదవడం వచ్చు, మాట్లాడడానికి మొహమాటం. ఫోనులో రోమింగ్ లేదు. రెండు గంటల తరువాత ప్రథమ చికిత్స కేంద్రం అరుగు మీద, అక్కడివారు ఇచ్చిన మంచినీళ్ల గ్లాసు పట్టుకుని, మా సంచులు ఒళ్లో పెట్టుకుని కూర్చుని కనిపించారు. సంచులు పొడిగా ఉన్నాయి, ఆయన చొక్కా తడిసి ఉంది.

ఆ రోజు ఆయన చేతిలో పాతిక డాలర్ల వాకీటాకీ ఒకటి ఉంటే ఈ కథే లేదు. రామం గారూ, ఎవరు నవ్వినా పట్టించుకోకుండా తీసుకువెళ్లండి.

డాలస్_దమయంతి

మీ నాన్నగారు క్షేమంగా దొరికినందుకు సంతోషం. కానీ ఒక్క ప్రశ్న అడుగుతాను, ఏమీ అనుకోవద్దు. దేశం కాని దేశంలో, ఫోను పనిచేయని పెద్దమనిషిని ఒక్కరినే బెంచీ మీద కూర్చోబెట్టి, అయిదుగురూ కలిసి ఎలా వెళ్లారు? ఆ అయిదుగురిలో ఒక్కరు ఆయన పక్కన కూర్చుని ఉంటే ఫోనూ అక్కరలేదు, వాకీటాకీ అక్కరలేదు. లోపం ఎక్కడుందో వదిలేసి, పాతిక డాలర్ల వస్తువు లేకపోవడమే కారణమని రాశారు.

పెన్నా_తీరం

నలభై నిమిషాల కోసం వెళ్లాము. ఆయన చిన్నపిల్లవాడు కాదు, తాలూకా కచేరీలో ముప్ఫై నాలుగేళ్లు పనిచేసిన మనిషి. మోకాళ్ల నొప్పుల వల్ల తానే రానన్నారు. ఆ వివరం తెలియకుండా తీర్పు చెప్పడం మీకు న్యాయం కాదు.

గోంగూర_గీత

రైడర్ స్విచ్ అనే సదుపాయం ఉంది కదా, దానిని వాడుకోవచ్చు.

సర్క్యూట్_సూరి

గీత గారూ, అది ముఖ్యంగా ఎత్తు చాలని పిల్లలున్న కుటుంబాల కోసం. ఉదాహరణకు స్పేస్ మౌంటెన్ అనే రైడుకు 44 అంగుళాల ఎత్తు ఉండాలి. ఒకరు పిల్లవాడితో బయట ఉంటే, తక్కినవారు తిరిగి వచ్చాక ఆ ఒకరు మళ్లీ మొత్తం క్యూలో నిలబడకుండా వెళ్లవచ్చు. మోకాళ్ల నొప్పికి అది వర్తిస్తుందో లేదో నాకు తెలియదు.

పెన్నా_తీరం గారి విషయంలో సాంకేతికంగా ఒక సందేహం ఉంది. ఆ రైడు క్యూ భవనం లోపలా, బయటా? లోపలైతే వాకీటాకీ ఉన్నా మీ నాన్నగారి మాట మీకు వినపడి ఉండేది కాదు. పైగా ఉరుములూ మెరుపులూ ఉన్నప్పుడు...

పెన్నా_తీరం

సూరి గారూ, మా నాన్న రెండు గంటలు కనబడలేదని నేను రాస్తుంటే మీరు క్యూ లోపలా బయటా అని అడుగుతున్నారు. సగం లోపల, సగం బయట. చాలునా?

సర్క్యూట్_సూరి

సగం బయట అయితే వినపడే అవకాశం ఉంది. అందుకే అడిగాను.

డాలస్_దమయంతి

"తానే రానన్నారు" అన్న మాట దగ్గరే నాకు కడుపు మండుతుంది. మన ఇళ్లలో పెద్దవాళ్లు, ఆడవాళ్లు "నేను రానులే, మీరు వెళ్లిరండి" అంటారు. అది కోరిక కాదండీ, మొహమాటం. రెండోసారి అడిగేవారు లేక అది నిజమై కూర్చుంటుంది.

నా అనుభవమూ చెబుతాను. 2019లో మా బావగారి కుటుంబంతో కలిసి పన్నెండు మందిమి వెళ్లాము. బావగారు ఆరు వాకీటాకీలు తెచ్చి, ఎంతో ఉత్సాహంగా ఒక్కొక్కరికీ ఒక్కో పేరు పెట్టారు. ఆయన "లీడర్", మా వారు "టూ", మా పిల్లలు "ఈగిల్", "హాక్". నాకు పెట్టిన పేరు "బేస్". అంటే అర్థం మీకు తెలిసే ఉంటుంది. స్ట్రోలర్, ఏడు సంచులు, నిద్రపోతున్న చంటిబిడ్డ, బెంచీ. ఉదయం తొమ్మిది నుండి రాత్రి బాణసంచా వరకు "బేస్, బేస్, నీళ్ల సీసాలు తీసుకుని టుమారోల్యాండ్ వైపు రండి", "బేస్, వెట్ వైప్స్ ఏ సంచిలో ఉన్నాయి?" అన్న మాటలే. వాకీటాకీలు లేకపోతే వాళ్లు గంటకోసారైనా నా దగ్గరకు వచ్చి ఉండేవారు. అవి ఉండడం వల్ల రావలసిన అవసరమే లేకపోయింది. ఆ రోజు నేను ఎక్కినది ఒక్క గుర్రాల రంగులరాట్నం, అదీ చంటిదానిని ఒళ్లో పెట్టుకుని.

ఇంకొకటి కూడా వినండి. మా మూడేళ్ల బాబుకు అర్జెంటుగా కడుపు కదిలితే, మా వారు ఆ విషయాన్ని ఉన్నది ఉన్నట్టుగా, తెలుగులో ఎవరికి అర్థమవుతుందిలే అనుకుని, రేడియోలో ప్రకటించారు. రెండు క్షణాలు గరగర. తరువాత మేమెవ్వరమూ ఎరుగని ఒక ఆడగొంతు, మన గోదావరి జిల్లాల యాసలోనే, "అమ్మా, కోట వెనకాల దానికి పెద్ద లైనుందండీ, మీరు ఎడమ చేతివైపు వెళ్లండి, అక్కడ ఖాళీగా ఉంది" అని చెప్పింది. ఆ తల్లి చెప్పిన చోటికే పరుగెత్తాము, ఖాళీగానే ఉంది. కానీ అంతవరకు మేము మాట్లాడుకున్న ఇంటి గొడవలన్నీ ఆమె విన్నదనే కదా అర్థం? ప్రైవసీ కోడ్ పెట్టానని బావగారు ప్రమాణం చేసి చెప్పారు.

ఉప్మా_విరోధి

ఆ గోదావరి ఆడపడుచు ఈ చర్చ చదువుతుంటే దయచేసి చేయి ఎత్తగలరు.

సర్క్యూట్_సూరి

ప్రైవసీ కోడ్ అన్నది పేరుకే ప్రైవసీ. సాధారణంగా 38 కోడ్లు ఉంటాయి. అది మీ మాటతో పాటు చెవికి ఆనని సన్నని స్వరం ఒకటి పంపుతుంది, ఆ స్వరం లేని మాటలకు మీ రేడియో స్పీకరు తెరుచుకోదు, అంతే. అంటే మీ కోడ్ వల్ల ఇతరుల మాటలు మీకు వినపడవు కానీ, కోడ్ పెట్టుకోని ఎవరికైనా మీ మాటలు నిక్షేపంగా వినపడతాయి. ఇది తలుపు గడియ కాదు, మన చెవుల్లో మనం పెట్టుకునే దూది. ఆ అపరిచితురాలి మాట మీకు వినపడిందంటే, ఆమె కూడా అదే కోడ్ పెట్టుకుని ఉండాలి, లేదా మీ బావగారు అసలు కోడే పెట్టి ఉండరు. రెండవదే జరిగి ఉంటుందని నా అంచనా.

డాలస్_దమయంతి

మా బావగారి విషయంలో మీ అంచనాతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను.

పెన్నా_తీరం

దమయంతి గారి కోపమంతా వారి బావగారి మీద. దానికి నన్నూ, వాకీటాకీనీ దోషులను చేస్తున్నారు. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టుంది. "బేస్" అని పేరు పెట్టిన రోజునే మీరు ఆ రేడియోను తిరిగి బావగారి చేతిలో పెట్టి ఉండవలసింది. మీరు అప్పుడు చేయలేని పనిని, ఇప్పుడు ఎవరో తెలియని నా మీద, మా నాన్న మీద తీర్చుకోవడం ఎంతవరకు సబబు? నేను ఆయనను సామాను కాపలాకు కూర్చోబెట్టానని మీరు నోరు తెరిచి అనలేదు కానీ, ప్రతి వాక్యంలోనూ అదే అంటున్నారు.

డాలస్_దమయంతి

నేను అనలేదు. "మా సంచులు ఒళ్లో పెట్టుకుని" అని మీరే రాశారు. "సంచులు పొడిగా ఉన్నాయి, ఆయన చొక్కా తడిసి ఉంది" అనీ మీరే రాశారు.

నిర్వాహకులు

సభ్యులు వ్యక్తిగత కుటుంబ విషయాలపై పరస్పరం తీర్పులు ఇచ్చుకోవడం మానవలసిందిగా కోరుతున్నాము. విషయం వాకీటాకీలు.

పెన్నా_తీరం

నిర్వాహకులు ఏమైనా అనుకోనివ్వండి, ఒక్క మాట చెప్పి ఆపుతాను. ఆ వాక్యం రాసేటప్పుడు నాకు తెలుసు. తెలిసే రాశాను.

బెంచీ_తాతయ్య

అందరికీ ఆశీస్సులు. మా అబ్బాయి న్యూజెర్సీలో ఉంటాడు, ఏటా ఎండాకాలం వచ్చి పోతుంటాను. ఈ వేదికను చదవడమే గాని రాసింది లేదు. వాకీటాకీ అన్న మాట చూసి ఆగలేకపోయాను, ఎందుకంటే నేను దక్షిణ మధ్య రైల్వేలో గార్డుగా పనిచేసి దిగిపోయినవాడిని. 2022 నుండి మా పదవిని ట్రెయిన్ మేనేజర్ అంటున్నారట, నేను మాత్రం గార్డునే. నలభై పై చిలుకు వ్యాగన్ల ముందు డ్రైవరు, వెనుక నేను, మధ్యలో చీకటి, చేతిలో వాకీటాకీ. కాబట్టి దీని గురించి నాలుగు మాటలు చెప్పే అర్హత ఉందనుకుంటాను.

రామం నాయనా, ఛానెల్ సంగతి సూరిగారు చూసుకుంటారు. మీ ఇంట్లోవారికి మాట్లాడడం నేర్పు. బటన్ నొక్కగానే మాట్లాడితే మొదటి మాట తెగిపోతుంది. "ఆగండి, వెళ్లకండి" అంటే "వెళ్లకండి" మాత్రం వినపడుతుంది, కొన్నిసార్లు అదీ సగమే. నొక్కి, ఒక లిప్తపాటు ఆగి, ముందు నువ్వు పిలుస్తున్నవారి పేరు, తరువాత నీ పేరు, ఆ తరువాతే సంగతి. ఒకరు నొక్కి ఉంచితే రెండోవారి మాట పోదు, కనుక నొక్కి ఆలోచించకూడదు, ఆలోచించి నొక్కాలి. విన్నవారు విన్నదానిని తిరిగి చెప్పాలి. "సరే" అంటే చాలదు, "కోట ముందు, నాలుగున్నరకు" అని అప్పజెప్పాలి. మా ఉద్యోగంలో "సరే" అన్న ఒక్క మాటను నమ్ముకుని బండి కదిల్చేవారు కాదు.

నేను పోయిన ఏడాది మ్యాజిక్ కింగ్‌డమ్ చూశాను. మా వాడు నాకూ ఒక సెట్ ఇచ్చి బెంచీ మీద కూర్చోబెట్టాడు. దమయంతి అమ్మ చెప్పిన బెంచీయే అది, పెన్నా నాయన చెప్పిన బెంచీ కూడా అదే. కాసేపు కూర్చున్నాను. కూత వినపడింది. తల తిప్పితే ఆవిరి ఇంజను! పార్కు చుట్టూ ఒకటిన్నర మైళ్ల పట్టాలు, 3 అడుగుల గేజు, ఫిలడెల్ఫియాలో బాల్డ్విన్ కంపెనీవారు 1916-1928 మధ్య చేసిన ఇంజన్లు. మెక్సికోలో యుకటాన్ ప్రాంతంలో బండ్లు లాగి లాగి పక్కన పడి ఉంటే, 1969లో కొని తెచ్చి బాగుచేశారట. నాకు ఇవేవీ ముందు ఎవరూ చెప్పలేదు, అక్కడి డ్రైవరు కుర్రవాడిని అడిగి తెలుసుకున్నాను. మా వాడిని పిలిచి, "నేను రైలెక్కుతున్నాను, చుట్టు తిరిగి ఇక్కడికే వస్తాను" అన్నాను. వాడు అప్పజెప్పాడు. ఎక్కాను. ఒక్కసారి కాదు, మూడుసార్లు తిరిగాను. సంచులు నాతోపాటే తిరిగాయి. చేతిలో ఆ సెట్ లేకపోతే నేను బెంచీ దిగేవాడిని కాదు, వాడు కంగారుపడతాడని భయం. కనుక వస్తువును నేను తప్పుపట్టను.

అయితే అమ్మా దమయంతీ, నువ్వు రాసిన మొహమాటం సంగతి నిజం. రైలు ఉందని మా వాడికి తెలుసు. నేను రైల్వేవాడినని కూడా తెలుసు. రెండూ కలిపి ఆలోచించే తీరిక వాడికి లేదు, అంతే.

పెన్నా నాయనా, మీ నాన్నగారు ఆ రోజు సంగతిని ఊళ్లో ఎలా చెబుతుంటారు? నవ్వుతూ చెబుతుంటారా? మేము అలాగే చెబుతాం.

పెన్నా_తీరం

నవ్వుతూనే చెబుతారు. పాప్‌కార్న్ బండి కాళ్లొచ్చి నడిచిపోయిందని మా మేనత్తలకు అభినయించి మరీ చూపించారు. నేనూ నవ్వాను.

వాకీటాకీ ఉంటే బాగుండేదన్న నా మాట వెనక్కి తీసుకోను. అయిదుగురం వెళ్లి ఉండకూడదన్న మాట కూడా ఒప్పుకుంటున్నాను. దమయంతి గారికి ఇది చాలుతుందనుకుంటాను.

డాలస్_దమయంతి

చాలుతుంది. నేనూ ఆ రోజు బావగారితో ఒక్క మాటా అనలేదు. సాయంత్రం గదికి వచ్చాక మా వారితో అన్నాను, అదీ రేడియో ఆపేశాక.

గోంగూర_గీత

పెద్దవాళ్లకు క్యారసెల్ ఆఫ్ ప్రోగ్రెస్ అనే ప్రదర్శన చూపించడం మరచిపోకండి. ఇరవై నిమిషాలకు పైగా ఏసీలో కుర్చీలో కూర్చోవచ్చు, వేదిక కాదు, మనం కూర్చున్న హాలే చుట్టూ తిరుగుతుంది. 1964 న్యూయార్క్ వరల్డ్ ఫెయిర్ కోసం చేసినది. మా అత్తగారు రెండుసార్లు చూశారు, మొదటిసారి నిద్రపోయారు కనుక.

రాజోలు_రామం

నేను అడిగింది ఒకటి, ఇక్కడ తేలింది మరొకటి. నిన్న రాత్రి భోజనాల దగ్గర అమ్మానాన్నలను కూర్చోబెట్టి, పార్కు మ్యాపు పరిచి, మీకు ఏమేమి చూడాలని ఉందని మొదటిసారి అడిగాను. టిక్కెట్లు కొని నెల రోజులైంది, ఇంతవరకు అడగలేదు. నాన్న మ్యాపును దగ్గరకు లాక్కుని, పార్కింగు నుండి గేటుకు వెళ్లే దారిలో ఉన్న చెరువు మీద వేలు పెట్టి, "ఇదేమిటి, పంటా?" అని అడిగారు. పంటే, అంటే రేవు దాటించే పెద్ద పడవే. కారు దిగాక మ్యాజిక్ కింగ్‌డమ్ గేటుకు మోనోరైలులోనైనా, పెద్ద పడవలోనైనా వెళ్లవచ్చు. కోనసీమలో సగం జీవితం పంటు మీద గడిపిన మనిషి, ఇక్కడా అదే ఎక్కుతానంటున్నారు. అమ్మ మాత్రం సముద్రపు దొంగల పడవ రైడులో చీర తడుస్తుందా అని అడిగింది. కొద్దిగా చిలకరిస్తుందని చెప్పాను. "అయితే వాయిల్ చీర కట్టుకుంటాను" అంది. రానులే అంటుందనుకున్నాను.

కాబట్టి నిర్ణయం ఇది. వాకీటాకీలు వస్తాయి. బెంచీ మీద ఉండవలసినవారి పేర్లు గంటల వారీగా రాశాను, మొదటి గంట నాది, రెండవ గంట మా బావమరిదిది. అతడు ఇప్పుడు నవ్వడం లేదు. ఎవరి పేరూ బేస్ కాదు, ఎవరి పేరు వారిదే. పెద్దవాళ్లు ఇద్దరూ ఎప్పుడూ కలిసే ఉంటారు, వారి వెంట మాలో ఒకరు ఉంటారు. తప్పిపోతే కలుసుకోవలసిన చోటుగా చక్రాలు లేనిదానిని, అంటే రైల్వే స్టేషను మెట్లను, నిర్ణయించాము. అయిదేళ్లవాడి జేబులో నా నంబరు రాసిన చీటీ పెడతాను. సిమ్ములు కూడా రెండు తీసుకున్నాను, దమయంతి గారి మాట తీసేయలేక.

అమ్మ రాత్రి మేడ మీది గది నుండి, బెంచీ తాతయ్య గారు చెప్పినట్టే, నొక్కి, ఆగి, "రామం, రామం, అమ్మను మాట్లాడుతున్నాను, పాలు తోడు పెట్టావా?" అని పిలిచింది. తోడు పెట్టానని అప్పజెప్పాను. తొమ్మిదవ ఛానెల్‌లో చక్కగా వినపడింది.

సర్క్యూట్_సూరి

ఇంట్లో వినపడుతుంది. ఇంట్లో ఏ ఛానెల్‌లోనైనా వినపడుతుంది. అమ్మగారికి 9 గుర్తుంటే 19 గుర్తుండదా? ముందు ఒక ఒకటి చేర్చమనండి, అది 2 వాట్ల ఛానెల్.